కిటికీ నచ్చింది, వీధి నచ్చలేదు

ఇల్లు చూడటానికి మనం వెచ్చించే సమయం మహా అయితే అరగంట. అందులో ఇరవై అయిదు నిమిషాలు గదుల్లోనే గడిచిపోతాయి. కుళాయి తిప్పి చూస్తాం, అల్మారా తలుపు తీసి వేస్తాం, హాల్లో నిలబడి సోఫా ఎటు వేయవచ్చో ఊహించుకుంటాం. మిగిలిన అయిదు నిమిషాలు లిఫ్టులోనూ, బండి నిలిపిన చోటినుంచి గేటు దాకా నడవడంలోనూ పోతాయి. తీరా ఆ ఇంట్లో చేరాక మన నిద్రనూ, నడకనూ, తీరికనూ శాసించేది చాలావరకు ఆ అయిదు నిమిషాల్లో చూసీ చూడనట్టు వదిలేసినదే. ఈ సంగతి నాకు ఎవరో చెబితే తెలిసింది కాదు. చాలా అందమైన ఒక ఫ్లాటులో నాలుగేళ్లు కాపురం ఉండి తెలుసుకున్నాను. ఈమధ్య మళ్లీ ఇల్లు మారవలసి వచ్చి, రెండు ఫ్లాట్ల మధ్య మూడు వారాలు ఊగిసలాడాను. ఆ తర్జనభర్జనలో వేసుకున్న లెక్కలు మరిచిపోకముందే రాసి పెట్టుకుందామని ఈ ప్రయత్నం.

ఆ పాత ఫ్లాటు ఎనిమిదో అంతస్తులో ఉండేది. హాలుకు ఒకవైపు గోడే లేదు, ఈ మూలనుంచి ఆ మూలకు అంతా అద్దమే. సాయంత్రం నాలుగున్నరకు ఎండ నేలంతా పరుచుకుని, సోఫా కాళ్ల నీడలు ఎదుటి గోడ దాకా సాగేవి. మేము దాన్ని చూసింది ఒక ఆదివారం ఉదయం పదకొండు గంటలకు. కింద నాలుగు వరుసల రోడ్డు ఉన్నదని కనిపిస్తూనే ఉన్నా, ఆ వేళప్పుడు దాని మీద పెద్దగా రాకపోకలు లేవు. పైగా ఇల్లు చూపించడానికి వచ్చిన మనిషి మేము రాకముందే కిటికీలు మూసి ఏసీ వేసి ఉంచాడు. అది మర్యాద అనుకున్నాను. ఆ సాయంత్రమే ఒప్పందం మీద సంతకం పెట్టాను. సామాను దించుకున్న మర్నాడు, సోమవారం తెల్లవారుజామున నాలుగుంబావుకు, కింద ఏదో లారీ వెనక్కి వస్తూ ఆగి ఆగి మోగించే కూతకు మెలకువ వచ్చింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఇంచుమించు ప్రతి తెల్లవారుజామునా ఆ కూత వింటూనే ఉన్నాను.

శబ్దం లెక్క మామూలు కూడికల లెక్క కాదని ఆ తరువాత కూర్చుని చదివితే అర్థమైంది. రోడ్డు మీద వాహనాలు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే; చెవికి చప్పుడు రెట్టింపయినట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే వాహనాలు పది రెట్లు కావాలి. వినడానికి ఇది శుభవార్తలాగే ఉంటుంది. దాన్నే తిరగేసి చూస్తే తెలుస్తుంది అసలు బాధ: రాత్రి పదకొండు దాటాక వాహనాలు సగానికి తగ్గినా, పడుకున్నవాడికి ఆ తగ్గుదల తెలిసీ తెలియనట్టే ఉంటుంది. పై అంతస్తులకు చప్పుడు అంటదన్న నమ్మకం కూడా సగమే నిజం. ఎడతెగక సాగే వాహనాల వరుసనుంచి వచ్చే శబ్దం, దూరం రెట్టింపయిన ప్రతిసారీ తగ్గేది దాదాపు 3 డెసిబెల్సే. కింది అంతస్తులకు ప్రహరీ గోడో చెట్ల వెనక ఉన్న మరో కట్టడమో కొంత అడ్డుపడవచ్చుగానీ, ఎనిమిదో అంతస్తుకు రోడ్డు రెండువైపులా కిలోమీటరు పొడవున కనిపిస్తుంది. కనిపించినంత మేరా వినిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో వెలువరించిన మార్గదర్శకాలు, సాయంత్రాన్నీ రాత్రినీ ఎక్కువ బరువుతో లెక్కగట్టే రోజంతటి సగటున రోడ్డు చప్పుడు 53 డెసిబెల్స్ లోపు, రాత్రివేళ సగటున 45 లోపు ఉండాలని చెబుతున్నాయి. మా బాల్కనీలో ఒక రాత్రి పదకొండున్నరకు ఫోను పట్టుకుని నిలబడితే అంకె అరవై ఆరు, అరవై ఎనిమిది మధ్య ఆడుతూ ఉంది. ఫోను కొలత కచ్చితమైనది కాదని ఒప్పుకుంటాను; ఇరవై డెసిబెల్స్ తప్పు చూపించేంత అధ్వానమైనదీ కాదనుకుంటాను. ఇక సగటు అన్నది ఎటూ నిద్రపోయేవాడి గోడు వినదు. గంటలో అయిదారు బండ్లే వెళ్లినా, వాటిలో ఒక్కటి హారన్ నొక్కితే చాలు, సగటు పెద్దగా కదలదుగానీ మనిషి లేచి కూర్చుంటాడు.

"అలవాటైపోతుందిలెండి" అని అందరూ అన్నారు. మొదట్లో నేనూ అదే అనుకున్నాను. నీల్ వైన్‌స్టీన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1982లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఈ మాటనే పరీక్షకు పెట్టింది. ఇళ్లకు దగ్గరగా కొత్త హైవే తెరిచిన ఒకచోట, తెరిచిన నాలుగు నెలలకు ఒకసారి, పదహారు నెలలకు మరోసారి అవే ఇళ్లవారిని ఆయన అడిగి చూశారు. ఏడాది గడిచినా చిరాకు తగ్గలేదు. తగ్గకపోగా, ఇక ముందైనా అలవాటు పడగలమన్న ఆశ కూడా సన్నగిల్లింది. మా ఇంట్లో జరిగింది అచ్చంగా ఇదే. మొదటి ఏడాది చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాను, రెండో ఏడాది మంచాన్ని వెనక గదిలోకి మార్చాను, మూడో ఏడాదికి ఎవరైనా ఫోను చేసి "ఎక్కడున్నారు, రోడ్డు మీదా?" అని అడిగితే "ఇంట్లోనే" అని చెప్పడానికి సిగ్గుపడటం మొదలైంది.

అయితే ఆ ఇంట్లో నాకు నిజంగా అలవాటైపోయినది ఒకటుంది, అది ఆ కిటికీ. చేరిన కొత్తలో వారం రోజులు ఆఫీసునుంచి త్వరగా వచ్చి మరీ సాయంత్రపు ఎండ చూశాను. ఆరు నెలలు తిరిగేసరికి ఆ అద్దం ముందు బట్టలారేసే స్టాండు వెలిసింది. చప్పుడుకు తోడు దుమ్ము కూడా రావడంతో తలుపులు మూసేశాం. మూస్తే వేడి, వేడికి కర్టెను. రెండో ఏడు వచ్చేసరికి, ఏ కిటికీని చూసి ఆ ఇంటికి ముచ్చటపడ్డామో ఆ కిటికీ రోజులో ఇరవై గంటలు కర్టెను వెనకే ఉండేది. అద్దెలో కొంత భాగం ప్రత్యేకంగా ఆ కిటికీకే కడుతున్నామన్న సంగతి నెలకొకసారి గుర్తొచ్చేది. నేను ఈ వ్యవహారమంతటిలో పట్టుకున్న అసలు సూత్రం ఇదొక్కటే. ఇంట్లోని ఆకర్షణలకు మనం ఇట్టే అలవాటు పడి వాటిని మరిచిపోతాం. చుట్టుపక్కల ఉన్న ఇబ్బందులకు అంత సులువుగా అలవాటు పడం, ఎందుకంటే అవి ప్రతిరోజూ కొత్తగా వస్తాయి. నేలమీది చలవరాయి నిన్నటిలాగే ఇవాళా ఉంటుంది. లారీ కూత మాత్రం నిన్న నాలుగుంబావుకు, ఇవాళ నాలుగున్నరకు.

చప్పుడు నా బాధ. అమ్మ బాధ వేరు. ఆమె చెవికి చప్పుడు పెద్దగా ఆనదు. చేరిన నెలకు ఒకరోజు బాల్కనీలో నిలబడి కిందికి చూస్తూ, "ఇల్లు బాగానే ఉందిరా, నేనెక్కడికి వెళ్లాలి?" అంది. రోడ్డుకు అవతల, మా గేటుకు సరిగ్గా ఎదురుగా, చెట్లున్న చిన్న పార్కు ఉంది. ఇల్లు చూసిన రోజున నేను దాన్ని వేలుపెట్టి చూపించి మరీ అమ్మను ఒప్పించాను. పటం మీద కొలిస్తే ఆ పార్కుకు దూరం అరవై మీటర్లు. నడిచి వెళ్లాలంటే మాత్రం ఎడమవైపు సిగ్నలు దాకా పోయి, దాటి, మళ్లీ అంత దూరమూ వెనక్కి రావాలి. నేను అడుగులు లెక్కపెడితే దగ్గర దగ్గర ఏడు వందల మీటర్లు తేలింది. మధ్యలో రెండుచోట్ల ఫుట్‌పాత్ లేదు, ఒకచోట ఉన్నా బండ్లు నిలిపి ఉంటాయి. మామూలు మనిషి గంటకు అయిదు కిలోమీటర్ల చొప్పున నడుస్తాడు కాబట్టి 400 మీటర్లకు అయిదు నిమిషాలు పడుతుందని నగర ప్రణాళికలు వేసేవారు లెక్కకడతారు, కాలినడక దూరం అంటే వారి దృష్టిలో స్థూలంగా అంతే. ఆ లెక్కలోని మామూలు మనిషి ఎవరన్నదే ప్రశ్న.

సిగ్నలు దగ్గర ఒక సాయంత్రం నేను చూసినది చెబుతాను. కాలినడకవారికి పచ్చదీపం ఎంతసేపు వెలగాలో నిర్ణయించేటప్పుడు చాలాచోట్ల సెకనుకు 1.2 మీటర్ల నడకను ఆధారంగా తీసుకుంటూ వచ్చారు. అరవై అయిదేళ్లు దాటినవారి మీద ఇంగ్లండులో జరిపి 2012లో ప్రచురించిన పరిశోధనలో మగవారి సగటు నడక సెకనుకు 0.9 మీటర్లని, ఆడవారిది 0.8 మీటర్లని తేలింది. మా రోడ్డు వెడల్పు సుమారు ఇరవై నాలుగు మీటర్లు, దీపం వెలిగేది ఇరవై సెకన్లు, సెకనుకు 1.2 మీటర్లు నడిచేవారికి సరిగ్గా సరిపోతుంది. అమ్మ ఆ ఇరవై సెకన్లలో పదహారు మీటర్లు నడిచింది. ఎర్రదీపం పడేసరికి ఆమె మూడో వరుస ముందు ఉంది, ఇంకా ఎనిమిది మీటర్లు మిగిలే ఉంది, నాలుగో వరుసలో ఒక మోటారుసైకిలు ముందు చక్రం అప్పటికే గీత దాటింది. చేయి పైకెత్తి పరుగులాంటి నడకతో అవతలి గట్టు చేరింది. పార్కులో ఒక పావుగంట కూర్చుంది. తిరిగి రావాలంటే మళ్లీ అదే రోడ్డు దాటాలి కదా, నేను వచ్చేదాకా లేవలేదు. ఆ తరువాత ఒంటరిగా ఎప్పుడూ వెళ్లలేదు.

ఆ ఇంట్లో నాలుగేళ్లున్నా మాకు పేరుపెట్టి పిలవగలిగినంత పరిచయమైనవారు ముగ్గురు. ఇది మా స్వభావలోపమని అనుకునేవాణ్ణి. కొంత అదీ నిజమే కావచ్చు. కానీ డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పట్టణ ప్రణాళికా ఆచార్యుడు 1960ల చివరలో శాన్ ఫ్రాన్సిస్కోలో చేసిన పరిశీలన గురించి చదివాక నన్ను నేను కొంచెం క్షమించుకున్నాను. ఇంచుమించు ఒకేలాంటి మూడు వీధుల్ని ఆయన ఎంచుకున్నారు. తేడా అంతా రాకపోకల్లోనే. ఒకదాని మీద రోజుకు దాదాపు 2,000 వాహనాలు, రెండోదాని మీద 8,000, మూడోదాని మీద 16,000. మొదటి వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో ఉన్న స్నేహితులు సగటున ముగ్గురు, ముఖపరిచయాలు ఆరు పైచిలుకు. రద్దీ వీధిలో స్నేహితులు ఒకరికంటే తక్కువ, పరిచయాలు మూడు. "మీ ఇల్లు ఎంతవరకు?" అన్న అర్థంలో గీత గీయమంటే, తక్కువ రద్దీ వీధివారు వీధి మొత్తాన్నీ కలుపుకుని గీశారట, రద్దీ వీధివారి గీత తమ కట్టడం దగ్గరే ఆగిపోయింది. ఆ ఆచార్యుడే 1982లో ఏథెన్స్‌లో వేగంగా వచ్చిన కారు ఢీకొని చనిపోయారని తెలిసినప్పుడు, ఆ అంకెలున్న పేజీని మళ్లీ ఒకసారి తెరిచి చూశాను.

ఆఫీసుకు ప్రయాణం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అందరికీ తెలిసిన బాధే. ఒక్క గుణకారం మాత్రం ఇల్లు చూడబోయే ముందు కాగితం మీద వేసుకోవాలి. వెళ్లడానికి పాతిక నిమిషాలు, రావడానికి పాతిక నిమిషాలు అదనంగా పట్టే ఇల్లయితే, ఏడాదికి 240 పనిరోజుల చొప్పున 200 గంటలు. ఎనిమిది గంటల పనిదినాల్లో చెబితే ఇరవై అయిదు రోజులు. పెద్ద ఇల్లు, తక్కువ అద్దె ఈ నష్టాన్ని పూడుస్తాయనేది అర్థశాస్త్రపు ఊహ. అలొయిస్ స్టట్సర్, బ్రూనో ఫ్రై అనే ఆర్థికవేత్తలు జర్మనీ గణాంకాలతో 2008లో ప్రచురించిన వ్యాసంలో ఆ ఊహ నిలబడలేదు: ప్రయాణం ఎంత ఎక్కువైతే జీవితంతో సంతృప్తి అంత తక్కువగా కనబడింది, ఇతర లాభాలు దాన్ని భర్తీ చేసిన జాడ లేదు.

ఇక ఈసారి చూసిన రెండు ఫ్లాట్లు. మొదటిది కొత్త భవనంలో అయిదో అంతస్తు. వంటగది అరలు మెత్తగా, చప్పుడు లేకుండా వాటంతటవే మూసుకునే రకం, స్నానాల గదులు రెండూ విశాలంగా ఉన్నాయి, లిఫ్టులు మూడు. బాల్కనీలో నిలబడితే చాలా దూరం దాకా ఆకాశం. రెండోది ఒక పాత నాలుగంతస్తుల కట్టడంలో రెండో అంతస్తు, ఒక సందు మధ్యలో ఉంది. లిఫ్టు ఒక్కటే, ముగ్గురు ఎక్కితే నాలుగోవారు మెట్లు చూసుకోవాలి. వంటగది కిటికీ తెరిస్తే రెండు మీటర్ల దూరంలో పక్కింటి గోడ. నేలమీది పలకలు రెండుచోట్ల పగిలి ఉన్నాయి. విస్తీర్ణం మొదటిదానికంటే దాదాపు అయిదోవంతు తక్కువ, అద్దెలో తేడా మాత్రం అంత లేదు. కాగితం మీద నిలువుగీత గీసి రెండువైపులా గుణాలు రాస్తే మొదటి ఫ్లాటువైపు పదకొండు, రెండోదానివైపు నాలుగు వచ్చాయి. ఈ గీతల పద్ధతి మీద నాకు నమ్మకం పోయింది అప్పుడే, ఎందుకంటే మెత్తగా మూసుకునే అరకూ, అమ్మ ఒంటరిగా బయటికి వెళ్లగలగడానికీ అందులో చెరొక గీతే.

మొదటి ఫ్లాటును మొత్తం నాలుగుసార్లు చూశాను, అందులో లోపలికి వెళ్లింది ఒక్కసారే. మిగిలిన మూడుసార్లూ రోడ్డుకు అవతలివైపు నిలబడి కట్టడాన్ని చూశాను. ఎవరైనా ఒక్క చిట్కా అడిగితే నేను ఇదే చెబుతాను: చల్లగాలి వీచే సాయంత్రం, కిటికీలు తెరుచుకోవాలని ఎవరికైనా అనిపించే వేళ, బయట నిలబడి ఎన్ని కిటికీలు తెరిచి ఉన్నాయో లెక్కపెట్టండి. రోడ్డువైపు ముఖం ఉన్న నలభై ఎనిమిది కిటికీల్లో ఆ సాయంత్రం తెరిచినవి మూడు. బాల్కనీల్లో ఒక్క కుర్చీ లేదు. ఏసీ యూనిట్లు, అట్టపెట్టెలు, పాత సైకిళ్లు ఉన్నాయి. ఇంటి గురించి అందులో ఉంటున్నవారిని అడిగితే తాము చేసిన ఎంపికను సమర్థించుకుంటూ ఏదో ఒకటి చెబుతారు, అది మనుషుల సహజగుణం. కిటికీలకు అలాంటి మొహమాటం ఉండదు.

సందులోని ఫ్లాటుకు పనిరోజు ఉదయం ఒకసారి, ఆఫీసు వదిలే వేళకు ఒకసారి, రాత్రి పదిన్నరకు ఒకసారి, గట్టిగా వాన కురిసిన మర్నాడు ఒకసారి వెళ్లాను. ఆ నాలుగో రాకే అన్నింటికంటే ఎక్కువ చెప్పింది. కింది ఇంటి ముందు ఒక పెద్దాయన మెట్లమీద కూర్చుని ఉన్నారు. "ఇక్కడ వానలకు నీళ్లు నిలుస్తాయాండీ?" అని అడిగితే లేచి వచ్చి, రెండో మెట్టు అంచున సన్నటి మట్టిగీత చూపించి, "ఇదిగో, ఇంతవరకు వచ్చిందండి ఒక్కసారి. గంటలో దిగిపోయింది" అన్నారు. దాచిపెట్టకుండా చూపించినందుకు ఆ మట్టిగీత మీద నాకు నమ్మకం కుదిరింది. రాత్రి పదిన్నరకు వెళ్లినప్పుడు సందులో చీకటి లేదు, జనమూ లేరు. మందుల దుకాణం దీపం, రెండు మేడల కింద వెలుగు, ఒకచోట ఇద్దరు ఆడపిల్లలు బండి ఆపుకుని మాట్లాడుకుంటున్నారు. వీధికి కాపలా కాసేది అందులో ఊరికే ఉండే మనుషుల చూపులేనని నగరాల గురించి రాసిన జేన్ జాకబ్స్ అనే రచయిత్రి 1961లోనే వాదించారు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి రాత్రి పదిన్నరకు మించిన సమయం లేదు.

నగరాల నివాసయోగ్యతకు ఏటేటా ప్రకటించే ర్యాంకులు ఇందులో ఎందుకూ కొరగావు. ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ సూచీ భద్రత, వైద్యం, సంస్కృతీ పర్యావరణం, విద్య, మౌలిక సదుపాయాలు అనే అయిదు తలకట్ల కింద నగరం మొత్తానికి మార్కులు వేస్తుంది. మనం నగరంలో ఉండం, ఒక సందులో ఉంటాం. ఒకే నగరంలో, ఒకే మలుపుకు అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్లవారు వేరువేరు బతుకులు బతుకుతారు. పైగా నివాసయోగ్యత అందరికీ ఒకటి కాదు. పాతికేళ్ల వయసులో నేను ఒంటరిగా ఉన్నప్పుడు అర్ధరాత్రి దాకా సందడిగా ఉండే చోటే కావాలనుకున్నాను, అప్పుడు అదే నాకు సరైనది కూడా.

ఇంతా చెప్పి, ఇంటి లోపలి సంగతులన్నీ పైపై మెరుగులని తేల్చేస్తే అది అన్యాయం. ఇంట్లో కూడా మార్చలేనివి ఉంటాయి, అవి వీధితో సమానంగా తూగుతాయి. పగిలిన పలక మార్చవచ్చు, రంగు వేయవచ్చు, దీపాలు పెట్టవచ్చు. గదిలోకి పగటి వెలుగు రావడం లేదంటే దానికి మందు లేదు. కిటికీ పై అంచు నేలనుంచి ఎంత ఎత్తున ఉందో, సుమారుగా దానికి రెండు, రెండున్నర రెట్ల లోతు వరకే వెలుగు పనికొచ్చేంతగా చేరుతుందని భవన శిల్పులు ఒక లెక్క చెబుతారు. రెండు మీటర్ల ఎత్తున పై అంచున్న కిటికీ వెనక ఏడు మీటర్ల లోతు గది ఉంటే, చివరి రెండు మీటర్లలో మధ్యాహ్నం కూడా దీపం వేసుకోవలసిందే. గోడలో చెమ్మ, రాత్రిళ్లు పై అంతస్తులో కుర్చీ జరిపితే తలమీద జరిగినట్టుండే స్లాబు, కిటికీలన్నీ ఒకేవైపు ఉండి గాలి ఆడకపోవడం కూడా ఈ కోవలోవే. కిటికీలోంచి కనిపించేదాన్ని కూడా నేను తేలిగ్గా తీసిపారేయను. 1984లో రోజర్ అల్‌రిక్ ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధనలో, పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్న రోగుల్లో కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుకగోడ కనిపించినవారికంటే ముందుగా ఆసుపత్రినుంచి ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పి మందులు కూడా తక్కువే వాడారు. నా రెండో ఫ్లాటు వంటగదికి ఎదురుగా ఉన్నది కూడా ఇటుకగోడే కాబట్టి ఆ పరిశోధన నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. పడకగదులు రెండూ సందువైపు ఉండి, సందులో రెండు పెద్ద చెట్లుండటం వల్ల చివరికి సర్దుకున్నాను. ప్రతి ఇంటినుంచీ మూడు చెట్లు కనిపించాలి, పేటలో ముప్ఫై శాతం మేర చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్ల లోపు పచ్చటి చోటు ఒకటి ఉండాలి అని నగరాల్లో చెట్ల పెంపకం మీద పనిచేసే సెసిల్ కోనైనెండైక్ అనే నిపుణుడు 2021లో ఒక కొలబద్ద ప్రతిపాదించారు. మా సందుకు మొదటి అంశంలో ఒక చెట్టు తక్కువ.

దృశ్యానికి సంబంధించి ఇంకో మాట. మొదటి ఫ్లాటు బాల్కనీలోంచి కనిపించిన ఆకాశంలో సగానికి పైగా, ఎదురుగా ఖాళీగా ఉన్న ఒక పెద్ద స్థలం మీది ఆకాశం. ఆ స్థలం ఎవరిదని అడిగితే చూపించే మనిషి మాట మార్చాడు. ఖాళీ స్థలం మీదుగా కనిపించే దృశ్యానికి మనం అద్దె కట్టవచ్చుగానీ, దాని మీద మనకు హక్కేమీ ఉండదు. కొనేవారికి ఈ లెక్క మరీ కీలకం. అద్దెకుండేవాడి పొరపాటు ఒప్పందం ముగిసేదాకానే. కొన్నవాడు లోపల గోడలు కూల్చి కట్టుకోగలడుగానీ రోడ్డును ఒక్క అడుగు కూడా అవతలికి జరపలేడు.

రెండో ఫ్లాటు తీసుకున్నాం. చేరి అయిదు నెలలైంది. కోల్పోయినవి లేవని చెప్పను. స్నానాల గది ఇరుకు, పుస్తకాల బీరువా హాల్లో పట్టక పడకగదిలోకి వెళ్లింది, వంటగదిలో పగలు కూడా దీపం వెలుగుతూనే ఉంటుంది. నాలుగున్నరకు నేలమీద పరుచుకునే ఆ ఎండ కొన్ని సాయంత్రాలు నిజంగానే గుర్తొస్తుంది. అమ్మ మాత్రం ప్రతి సాయంత్రం అయిదుంబావుకు తాళంచెవి కొంగుకు ముడివేసుకుని కిందికి దిగుతుంది. సందు చివర మలుపు దాకా వెళ్లి, అక్కడి అరుగు మీద కూర్చుని, మెట్లమీది పెద్దాయన భార్యతోనూ మరో ఇద్దరితోనూ మాట్లాడి, చీకటి పడే వేళకు వస్తుంది. వాళ్ల పేర్లూ, వాళ్ల పిల్లల ఉద్యోగాలూ, ఎవరికి ఏ మోకాలు నొప్పో నాకు భోజనాల దగ్గర చెబుతుంది. నాకు ఇప్పటికి ఈ సందులో పద్నాలుగు మంది పేర్లు తెలుసు, వారిలో పదిమందిని నేనింకా చూడనే లేదు.

మా కట్టడానికి ఆనుకుని, పడకగదుల పక్కన, పాత పెంకుటిల్లు ఒకటి తాళం వేసి ఉండేది. గత వారం దాన్ని పడగొట్టి చదును చేశారు. నిన్న పొద్దున ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని కొలిచి, నేలమీద సున్నంతో గీతలు గీసి వెళ్లారు. రెండో అంతస్తు కిటికీలోంచి చూస్తే ఆ గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి; మావైపు ఉన్న గీతకూ మా గోడకూ మధ్య ఎంత ఎడం వదిలారన్నది మాత్రం పైనుంచి అంచనాకు అందడం లేదు. రేపు ఆదివారం, టేపు తీసుకుని నేనే కిందికి వెళ్లి కొలవాలి.